యాట కోసే ముందు ఏం జరుగుతుంది: కబేళా రూల్స్ వెనక కథ

ప్రతి ఏడాది బక్రీద్ ముందు ఒకసారి, బోనాల టైంలో ఇంకోసారి హైదరాబాద్‌లో అదే గొడవ మొదలవుతుంది, హలాలా (మెడ కోసి రక్తం కార్చడం) జట్కానా (ఒక్క వేటుకి తల నరకడం), కోయొచ్చా కోయకూడదా, ఎవరి పద్ధతి క్రూరం అని. వారం రోజులు వాట్సాప్ గ్రూపుల్లో అదే నడుస్తుంది, తర్వాత చల్లబడిపోతుంది. ఇంత గొడవలో ఆ జీవం చివరి రెండు రోజులు ఎట్లా గడిచాయి అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఇట్లా ఎందుకయిందో తెలియాలంటే చట్టాలు ఏ వరుసలో వచ్చాయో చూడాలి.

బ్రిటిష్ వాళ్లు 1890లోనే జంతువుల మీద క్రూరత్వం ఆపడానికి ఒక చట్టం తెచ్చారు, కానీ అది బ్రిటిష్ ఇండియాకే, నిజాం రాజ్యంలో వర్తించేది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో హైదరాబాద్ రాష్ట్రంలో పశువధ మీద విడిగా ఒక చట్టం వచ్చింది. ఇటు ఢిల్లీలో రాజ్యసభకి నామినేట్ అయిన రుక్మిణీదేవి అరుండేల్ (చెన్నైలో కళాక్షేత్ర నాట్య సంస్థ పెట్టినావిడే) జంతువుల కోసం ప్రైవేట్ బిల్లు పెట్టారు, నెహ్రూ గారు ప్రభుత్వమే బిల్లు తెస్తుందని మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. అట్లా వచ్చిందే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, ఇప్పటికీ మనకి ఆధారం అదే. 1962లో జంతు సంక్షేమ బోర్డు పెట్టారు, మొదటి చైర్‌పర్సన్ కూడా ఆవిడే.

ఈ చట్టంలో రెండు సెక్షన్లు ముఖ్యం. సెక్షన్ 11 ప్రకారం తిండి కోసం జీవాన్ని కోయడం నేరం కాదు, కానీ అనవసరమైన నొప్పి, బాధ పెడితే నేరం. సెక్షన్ 28 ప్రకారం ఏ మతం వాళ్లయినా తమ మతం చెప్పిన పద్ధతిలో కోస్తే అది ఈ చట్టం కింద నేరం కాదు. మనవాళ్ల చర్చ మొత్తం ఈ 28 చుట్టూనే తిరుగుతుంది, 11ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి 11లోనే అసలు విషయం ఉంది, ఎందుకంటే లారీలో కుక్కడం, కాళ్లు కట్టి పడేయడం, తిండి నీళ్లు పెట్టకపోవడం ఇవన్నీ దాని కిందికే వస్తాయి, వీటిల్లో ఒక్కటి కూడా ఏ మతమూ చెప్పింది కాదు. శిక్ష మాత్రం మొదటిసారి తప్పు చేస్తే 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానా. ఇప్పుడు కూడా అంతే. 2022లో శిక్షలు పెంచుతూ కేంద్రం ఒక డ్రాఫ్ట్ బిల్లు పెట్టి జనం అభిప్రాయాలు అడిగింది, అది చదివినప్పుడు నాకు కొంచెం ఆశ కలిగింది.

1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధం, పశు సంరక్షణ చట్టం వచ్చింది. ఆవుని, దూడని కోయకూడదు, ఎద్దు, దున్న లాంటివి కోయాలంటే అది ఇంక పాలకీ, దుక్కికీ, సంతతికీ పనికిరాదని సర్టిఫికెట్ కావాలి. అంటే సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసర్ చూడాల్సింది ఆ పశువు మనకి ఇంకా ఉపయోగమా కాదా అన్నదే, దాని బాధ కాదు. 90ల్లో మెదక్ జిల్లా రుద్రారంలో అల్ కబీర్ ఎక్స్‌పోర్ట్ కబేళా మీద జరిగిన ఉద్యమం చాలామందికి గుర్తుండే ఉంటుంది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2006లో తీర్పు వచ్చింది. అక్కడ కూడా వాదన ఎక్కువగా ఈ ప్రాంతంలో పశు సంపద తగ్గిపోతుందా లేదా అన్నదాని మీదే నడిచింది. ఏ జీవాన్ని కోయొచ్చు, ఎన్నిటిని కోయొచ్చు అని యాభై ఏళ్లు కొట్లాడాం, కబేళాలో ఎట్లా చూసుకోవాలి అన్నది మాత్రం ఆ 1960 చట్టం కింద 2001 దాకా రూల్‌గా రాలేదు.

2001లో వచ్చిన స్లాటర్ హౌస్ రూల్స్ ఒక్కసారి చదవండి, చిన్నవే, కానీ ఎంత ఆలోచించి రాశారో అనిపిస్తుంది. మున్సిపాలిటీల్లో లైసెన్స్ ఉన్న కబేళాలోనే కోయాలి. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల్లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లని కోయకూడదు. ముందు పశువుల డాక్టర్ చూడాలి, చూశాక 24 గంటలు రెస్ట్ ఇవ్వాలి. ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదు. ఒక డాక్టర్ గంటకి 12 జీవాల కంటే ఎక్కువ చూడకూడదు, రోజుకి 96కి మించకూడదు. ఇప్పుడు దీన్ని హైదరాబాద్ ఆదివారానికి పెట్టి చూడండి, వెయ్యి యాటలు తెగాలంటేనే 11 మంది డాక్టర్లు కావాలి, ఈ సిటీలో ఆదివారం తెగేవి వేలల్లో ఉంటాయి. పైగా ఈ రూల్స్‌లో కబేళా అంటే రోజుకి పది లేదా అంతకంటే ఎక్కువ జీవాలు తెగే చోటే, గల్లీలో మటన్ కొట్టు వెనక రెండు యాటలు కోసుకోవడం సిటీలో అసలు రూల్‌కే విరుద్ధం. చెంగిచెర్ల, అంబర్‌పేట, రామ్నాస్‌పురా, న్యూ బోయిగూడల్లో జీహెచ్‌ఎంసీ కబేళాలని మోడ్రన్‌గా కట్టింది, మంచిదే, అయినా కొట్టు వెనక కోసే మటన్ ఆగలేదు.

సరే, కత్తి దగ్గరకే వద్దాం. గొర్రె మెడలో రక్తనాళాలు పదునైన కత్తితో ఒక్క వేటుకి తెగితే చాలావరకు పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. పశువులో అట్లా కాదు, మెడ వెనక వెన్నుపూసల్లోంచి వెళ్లే రక్తనాళాలు తెగకుండా మెదడుకి రక్తం అందిస్తూనే ఉంటాయి, అందుకే ఒక్కోదానికి నిమిషం దాటినా తెలివి ఉండొచ్చు. ముందే కరెంట్ షాక్‌తో స్పృహ తప్పించే పద్ధతి ఉంది, న్యూజిలాండ్‌లో హలాల్ గొర్రె మాంసానికి కూడా అదే చేస్తారు, తలకి మాత్రమే షాక్ ఇస్తారు కాబట్టి కోయకుండా వదిలేస్తే జీవం మళ్లీ లేస్తుంది, అందుకే మత పెద్దలు ఒప్పుకున్నారు. మన దగ్గర 2011 ఫుడ్ సేఫ్టీ రూల్స్‌లో కూడా స్పృహ తప్పించే పద్ధతులు రాసి ఉన్నాయి. ఈ మాట ఖురేషీ అన్నలతో, ఆరె కటిక వాళ్లతో కూర్చుని మర్యాదగా మాట్లాడుకోవచ్చు, తరతరాలుగా ఈ పని చేస్తున్న వాళ్లకి మొండి కత్తి ఎంత పాపమో మనకంటే బాగా తెలుసు.

నన్ను నిజంగా కలచివేసేది దానికి ముందు జరిగేది. 2019 లెక్కల్లో గొర్రెల్లో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది, దాదాపు 1.9 కోట్లు, అయినా సిటీకి సరిపోక మహారాష్ట్ర, కర్ణాటక, రాజస్థాన్ నుంచి కూడా వస్తాయి. లారీ జియాగూడ మండిలో ఆగాక దింపడం చూడండి. ర్యాంప్ లేకపోతే పైన ఒకతను వెనక కాలు పట్టి లాగుతాడు, కింద ఇంకొకతను చెవి, ఉన్ని ఏది దొరికితే అది పట్టుకుని నేల మీదికి వదులుతాడు, గంటల తరబడి నిలబడి కాళ్లు బిగుసుకుపోయిన జీవం మోకాళ్ల మీద పడి కాసేపు లేవదు. కొన్నవాళ్లు నాలుగు కాళ్లు కట్టి స్కూటీ ముందు వేసుకుని పోతారు. ఒక్కో గొర్రెకి లారీలో 0.3 చదరపు మీటర్లు, పశువుకి 2 చదరపు మీటర్లు విడిగా ఉండేలా పార్టిషన్ కట్టాలని 2015లో మోటార్ వాహనాల రూల్స్ మార్చారు, 2016 జనవరి నుంచి అమలు. అట్లా పార్టిషన్ కట్టిన లారీ నేను ఇక్కడ చూడలేదు. 2017లో పశువుల సంతల మీద కేంద్రం రూల్స్ తెస్తే వాటిల్లో అమ్మకాల మీద పెట్టిన షరతు వల్ల పెద్ద గొడవై సుప్రీంకోర్టులో ఆగిపోయాయి, ఆ కేసు వేసిన లాయర్ కూడా హైదరాబాద్ ఆయనే. సంతలో నీడ, నీళ్లు, జారని నేల ఉండాలన్న మంచి మాటలు ఆ గొడవలో ఎవరికీ వినపడలేదు.

తినేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి. భయంతో, అలసటతో వచ్చిన జీవం కండరంలో శక్తి నిల్వ అయిపోతుంది, దాంతో కోశాక మాంసంలో పుట్టాల్సిన ఆమ్లం పుట్టదు, మాంసం నల్లగా, గట్టిగా ఉండి తొందరగా పాడవుతుంది. చెంగిచెర్లలోనే జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, ఈ శాస్త్రం మన ఊళ్లోనే ఉంది.

ఇంక కోళ్ల సంగతి, అన్నిటికంటే ఎక్కువ చచ్చేవి అవే, అన్నిటికంటే తక్కువ మాట్లాడేది వాటి గురించే. షాపులో జాలీలోంచి రెక్క పట్టి లాగి, తలకిందులుగా కాంటా మీద పెట్టి, మెడ కోసి అప్పటికప్పుడు డ్రమ్ములో పడేస్తారు, మూత మీద ఇంకా టపటపా కొట్టుకుంటుంటే ఇటు తర్వాతి కస్టమర్ ఆర్డర్ చెబుతుంటాడు. దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు, రేకుతో చేసిన గరాటు లాంటి కోన్ ఒకటి గోడకి బిగిస్తే కోడి కదలకుండా, రెక్కలు విరగకుండా ఉంటుంది, రక్తం పూర్తిగా కారి కదలిక ఆగేదాకా ఒకటిన్నర రెండు నిమిషాలు వదిలేసి తర్వాత డ్రమ్ములో వేస్తే చాలు. కేజీ చికెన్ కొనడానికి వెళ్లినప్పుడు, అన్నా కోన్ పెట్టొచ్చు కదా, రెండు నిమిషాలు ఆగుతా అని అడగండి, నలుగురు కస్టమర్లు అడిగితే షాపతను పెడతాడు.