పొడుగు కాళ్ల బ్యాంటమ్ పిల్లల్ని వదిలించుకునే ముందు ఇది చదవండి

అపోహ: పొట్టి కాళ్ల జపనీస్ బ్యాంటమ్ (చిన్న సైజు కోడి జాతి) జంటకి పొడుగు కాళ్ల పిల్ల పుట్టిందంటే జాతి కల్తీ అయినట్టే.

కాదండీ. ఈ ఒక్క మాట నమ్మి ఎంతమంది మంచి పెట్టల్ని వచ్చినకాడికి అమ్ముకున్నారో లెక్కలేదు.

ఆ పొట్టి కాళ్లు ఒక జన్యువు వల్ల వస్తాయి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వస్తే కాళ్లు పొట్టి. రెండువైపుల నుంచీ వస్తే పిండం బతకదు, గుడ్డులోనే పోతుంది. అంటే బతికి తిరుగుతున్న ప్రతి పొట్టి కాళ్ల కోడిలోనూ ఒక కాపీ పొట్టిది, ఒకటి మామూలుది. ఎంత పోసి కొన్నా, ఎన్ని ప్రైజులు కొట్టిన లైన్ అయినా అంతే. అలాంటి రెండింటిని జత కడితే 100 ఫెర్టైల్ గుడ్లలో సగటున 25 లోపలే పోతాయి, 50 పొట్టివి, 25 పొడుగువి. పది గుడ్లు పెట్టి లెక్క కుదరలేదనకండి, అంత తక్కువలో ఎటైనా పోవచ్చు.

ఆమధ్య ఒకబ్బాయి ఫోన్ చేసి "అన్నా, మిక్సింగ్ జంట అంటగట్టారన్నా" అని ఏడ్చినంత పని చేశాడు. కొన్ని గుడ్లు లోపలే పోతున్నాయని థర్మామీటరు మార్చాడట, పెట్టలకి కాల్షియం పోశాడట, చివరికి ఇంక్యుబేటర్ కూడా మార్చేశాడట. ఏడో రోజు గుడ్లని లైటు మీద పెట్టి ఫోటోలు పంపమన్నాను. చాలావాటిలో నరాలు సాలెగూడులా పాకి ఉన్నాయి, కొన్నిట్లో మాత్రం నరాలే లేవు, సన్నటి ఎర్ర రింగు ఒక్కటే. పిండం మొదలై ఆగిపోయిందన్నమాట. వేడి తేడా వచ్చినా, గుడ్లు నిల్వ ఉన్నా ఆ రింగు పడుతుంది, నిజమే, కానీ పొట్టి-పొట్టి జంటలో ఇలా కొన్ని పోవడాన్ని ఏ మిషనూ ఆపలేదు. ఇంతకీ ఆ కుర్రాడు పొడుగు కాళ్ల పెట్టపిల్లల్ని ఎవరికో ఊరికే ఇచ్చేశాడు. నాకైతే కడుపు మండిపోయింది. అసలు ఉంచుకోవాల్సినవి అవే! పొట్టి పుంజుకి పొడుగు పెట్టని కడితే సగం పొట్టివి, సగం పొడుగువి. ఆ జన్యువు వల్ల చచ్చే గుడ్డు ఒక్కటీ ఉండదు. పొట్టివి అటు కట్టినా ఇటు కట్టినా 50యే, మరి 25 గుడ్లు ఎందుకు పోగొట్టుకోవడం? పొట్టి పుంజు సరిగ్గా ఎక్కలేకపోతుంటే పొడుగు పుంజుని పొట్టి పెట్టకి కట్టండి, లెక్క మారదు. పొడుగు-పొడుగు కడితే మాత్రం పొట్టివి రావు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

చిన్న కోడి కదా, టీకా సగం చుక్క చాలంటారు. చాలదు. మందులు బరువుని బట్టి, టీకా మాత్రం కోడికి ఇంత అని. అన్నిటికన్నా చిన్న జాతి సెరామాకైనా కొక్కెర తెగులు టీకా చుక్క పూర్తిగా వేయాల్సిందే.

బ్యాంటమ్ పెట్టలన్నీ బాగా పొదుగుతాయన్నదీ ఉత్తిదే. సిల్కీ, పెకిన్ కూర్చుంటాయి, సీబ్రైట్‌ని నమ్ముకోకండి. అన్నట్టు, సీబ్రైట్ పుంజుకి ఈకలు పెట్టకున్నట్టే ఉంటాయి, తోకలో కొడవలి ఈకలు రావు. పుంజని చెప్పి పెట్టని పంపారంటూ గొడవకి దిగకండి.

20వ రోజుకే పెంకు పొడిచిందని టెన్షన్ పడేవాళ్లూ ఉంటారు. చిన్న గుడ్లు ఒకరోజు ముందు దిగడం మామూలే, అందుకే గుడ్లు తిప్పడం 17వ రోజుకే ఆపి తేమ పెంచేయండి. పొడిచి గంటలు గడిచినా కదలట్లేదంటే మీ కంగారు నాకు తెలుసు, రాత్రంతా మిషన్ పక్కనే కూర్చునేవాళ్లున్నారు. అయినా పెంకు ఒలవద్దు. లోపలి పొరలో రక్తనాళాలు ఇంకా ఎండి ఉండవు, సొన పూర్తిగా కడుపులోకి పోయి ఉండదు. 24 గంటలదాకా ఆగండి, మూత మాత్రం తెరవకండి, తేమ పోతే ఆ పొరే ఎండి పిల్లకి చుట్టుకుపోతుంది.