సూర్యాస్తమయ వేళ గుర్రపు స్వారీ: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరి నుంచి భాకరాపేట ఘాటు వైపు పోయే దారిలో, కొండల నడుమ ఉన్న పల్లె బాటల మీద యాత్రికులను సాయంత్రం పూట గుర్రాలపై తీసుకుపోయి క్షేమంగా తిరిగి దించడం పదకొండేళ్లుగా నా వృత్తి. తిరుమల దర్శనం ముగిసి ఇంకొక రోజు సెలవు చేతిలో మిగిలినవారే మా దగ్గరకు ఎక్కువగా వస్తారు. గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులోనో, బ్రహ్మోత్సవాలలో వాహనసేవకు ముందు నడిచేటప్పుడో చూసినవారే తప్ప, దాని వీపు మీద గంటన్నరసేపు కొండదారిలో ప్రయాణం చేసినవారు వారిలో అరుదు. అందువల్ల వారితో పాటు కొన్ని గట్టి నమ్మకాలు కూడా వస్తాయి. వాటిలో కొన్ని హాని లేనివి, కొన్ని మాత్రం మనిషికీ గుర్రానికీ గాయాలు తెచ్చేవి. రోజూ నేను వినేవాటిని, వాటికి నేను చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చూడవలసింది సూర్యాస్తమయమే కాబట్టి, అరగంట ముందు బయలుదేరితే సరిపోతుంది.

వాస్తవం: సాయంత్రపు స్వారీలో సూర్యాస్తమయం మజిలీ మాత్రమే, తిరుగు ప్రయాణం ఇంకా మిగిలే ఉంటుంది. మన ప్రాంతంలో నవంబరు చివర సూర్యుడు 5:45కు ముందే అస్తమిస్తాడు. జూలై మొదటి వారంలో 6:40 దాకా ఉంటాడు. పంచాంగంలోనూ ఫోనులోనూ కనిపించే ఆ సమయం సమతల భూమికి వేసిన లెక్క. లోయలో నిలబడినవారికి పడమటి కొండ అడ్డం వస్తుంది కనుక, సూర్యుడు అంతకంటే చాలా ముందే కనుమరుగవుతాడు. ఆ తర్వాత మిగిలే వెలుగు కూడా ఎక్కువసేపు నిలవదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోతాడు; అస్తమించిన తర్వాత సుమారు పాతిక నిమిషాలలోనే నేల మీది రాయికీ గుంతకూ తేడా కంటికి తెలియకుండా పోతుంది. అందుకే మేము బయలుదేరే వేళను తిరిగి చేరవలసిన వేళ నుంచి వెనక్కి లెక్కవేసి నిర్ణయిస్తాము. సంక్రాంతి రోజుల్లో సుమారు ఆరు గంటలకు సూర్యాస్తమయం. ఆ రోజుల్లో నాలుగున్నర దాటాక వచ్చినవారిని మరునాడు రమ్మని చెబుతాము.

ఈ నియమం నా తప్పు నుంచి పుట్టింది. వృత్తిలో చేరిన రెండో ఏట, పండుగ రద్దీలో, దూరం నుంచి వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపడానికి మనసొప్పక ఐదు దాటాక బయలుదేరదీశాను. తిరిగి వస్తూ వంక దాటే చోట మసక చీకటి పడింది. ఎదురుగా ఒక మోటారుసైకిలు పెద్ద లైటు వేసుకుని వచ్చింది. ముందున్న ఆడగుర్రం నిలువునా ఆగిపోయింది, వెనుక గుర్రం దానికి తగిలింది, రెండోదాని మీదున్న ఆమె పక్కకు జారి పడ్డారు. మణికట్టు విరిగింది. గుర్రాలు చేసిన తప్పు అందులో ఏమీ లేదు. వాటి కన్ను ఎలా పనిచేస్తుందో తెలిసిన నేను ఆ వేళలో వాటిని ఆ బాటలో ఉంచకూడదు.

అపోహ: గుర్రానికి చీకటిలో బాగా కనిపిస్తుంది, కాబట్టి ఆలస్యమైనా భయం లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉండడమే ప్రమాదం. నేల మీద తిరిగే క్షీరదాలలో గుర్రానివి చాలా పెద్ద కళ్లు. కంటి వెనుక భాగంలో వెలుతురును అద్దంలా తిప్పికొట్టే పొర ఒకటి ఉండడం వల్ల, మసక వెలుతురులో అది మనకంటే మెరుగ్గా చూస్తుంది. అయితే వెలుగు నుంచి చీకటికీ, చీకటి నుంచి వెలుగుకూ అలవాటు పడడంలో ఆ కన్ను మనకంటే చాలా నెమ్మది. ఎండ పడిన చెరువు కట్ట మీద నుంచి గుబురైన మామిడితోట నీడలోకి దిగేటప్పుడు, గుర్రానికి కొంతసేపు ముందు ఏముందో సరిగా తెలియదు. అందుకే అది అక్కడ ఆగుతుంది, తల దించి నేలను వాసన చూస్తుంది. దాన్ని మొండితనమనుకుని మడమలతో పొడిచేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది; అది చేస్తున్నది మనల్ని మోస్తున్న తన కాళ్లను కాపాడుకోవడమే.

గుర్రం కళ్లు తలకు ఇరువైపులా ఉండడం వల్ల తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనిపించనివి రెండే చోట్లు: నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్దిపాటి భాగం, తోకకు సరిగ్గా వెనుక. వెనుక నుంచి నిశ్శబ్దంగా వచ్చి తట్టకూడదని చెప్పేది ఇందుకే. దూరపు వస్తువును చూడడానికి తల ఎత్తుతుంది, దగ్గరి వస్తువును చూడడానికి తల దించుతుంది. మసక వెలుతురులో పగ్గాలు బిగించి తల కదలకుండా పట్టుకుంటే దాని చూపును మనమే తగ్గించినవారమవుతాము.

ఫోను టార్చి వేసి దారి చూపించడం కూడా మేలు చేయదు. చీకటికి అప్పుడప్పుడే అలవాటు పడుతున్న కంటిలో ఆ వెలుగు పడితే, ఆ అలవాటు మళ్లీ మొదటికి వస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపమని అడిగేది కూడా ఈ కారణంతోనే. మరొక్క సంగతి, ఇది ఏ ప్రమాదానికీ సంబంధించినది కాదు, నాకు ఇష్టమైనది కనుక చెబుతున్నాను: గుర్రం నీలాన్నీ పసుపునూ గుర్తిస్తుంది గాని ఎరుపును ఆకుపచ్చ నుంచి వేరుచేయలేదు. కొండ అంచున మనం చూసి మురిసే ఆ కుంకుమ రంగు దానికి మన కళ్లకు కనిపించినట్లు కనిపించదు. ఆ వేళ అది చూసేది కింద తోట నుంచి ఇంటికి మళ్లే ఆవులను, కంచె మీద ఎగిరే గుడ్డపేలికను, బండ పక్కన పొడుగవుతున్న నీడను.

అపోహ: పగ్గాలు ఎంత గట్టిగా లాగితే గుర్రం అంత త్వరగా ఆగుతుంది.

వాస్తవం: కళ్లెం ఇనుము గుర్రం నోటిలో పళ్లు లేని ఖాళీ చోట, పలుచని చర్మం కప్పిన దవడ ఎముక మీద ఆనుతుంది. అక్కడ ఆపకుండా లాగితే నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టినప్పుడు గుర్రం తల ఎగరేసి, ఆ లాగుడుకు ఎదురు నెట్టుతుంది. శరీరం నిటారుగా చేసుకుని, లోతుగా కూర్చుని, పగ్గాన్ని కొద్దిగా బిగించి వెంటనే వదిలితే శిక్షణ పొందిన గుర్రం ఆగుతుంది. ఆ వదలడంలోనే దానికి సంకేతం అందుతుంది. ముళ్లున్న కళ్లేలను వాడకూడదని 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీకు ఇవ్వబోయే గుర్రం నోటి మూలలను ఎక్కకముందే ఒకసారి చూడండి. అక్కడ పుండ్లు, కాయ కట్టిన మచ్చలు కనిపిస్తే ఎక్కకుండా తిరిగి వెళ్లిపోవడం సబబు.

అపోహ: చిన్న బిడ్డను తల్లో తండ్రో ముందు కూర్చోబెట్టుకుంటే అన్నిటికంటే క్షేమం.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. "బిడ్డను నేను పట్టుకుంటాలే అన్నా, ఏమీ కాదు" అని తండ్రులు ఎంతో ప్రేమతో అడుగుతారు. అయితే జీను ఒక మనిషి కూర్చోవడానికి తయారైనది. ముందు కూర్చున్న బిడ్డ కాళ్లకు, పాదాలు పెట్టుకునే రికాబులు అందవు, ఆనుకునే చోటు ఉండదు. తండ్రి చేయి ఒకటి బిడ్డ చుట్టూ ఉంటే, పగ్గాలకు మిగిలేది ఒక్క చేయే. గుర్రం ఉలికిపడి పక్కకు ఒక్క అడుగు వేసినా ఇద్దరూ కలిసి పడతారు, పెద్దవారి బరువంతా బిడ్డ మీద పడుతుంది. ఇరువురి భారం గుర్రం మెడ మొదలు దగ్గర చేరడం వల్ల దిగువకు నడిచేటప్పుడు దాని ముందుకాళ్లు కూడా తడబడతాయి. ఏడేళ్లు నిండిన పిల్లలను మేము పొట్టి గుర్రం మీద ఒంటరిగా కూర్చోబెట్టి, తాడు పట్టుకుని ఒక మనిషి పక్కనే నడుస్తాడు. అంతకంటే చిన్నవారికి గుర్రానికి మేత పెట్టడం, జూలు దువ్వడం నేర్పిస్తాము. ఆ పిల్లలలో ఏడ్చినవారిని నేను చాలా తక్కువగా చూశాను.

అపోహ: అంత పెద్ద జంతువుకు మనిషి బరువు ఒక లెక్కా?

వాస్తవం: లెక్కే. జీనుతో సహా మొత్తం భారం గుర్రం బరువులో ఐదో వంతుకు మించకూడదనేది స్వారీ వృత్తిలో విస్తృతంగా పాటించే కొలత. మా దగ్గరి మధ్యరకం గుర్రం బరువు 360 కిలోలు. ఐదో వంతు 72 కిలోలు. అందులో జీనుకూ కంబళికీ 9 కిలోలు పోతే మనిషికి మిగిలేది 63. పెద్ద గుర్రం మీద 75 కిలోల వరకు ఎక్కిస్తాము. గుట్ట ఎక్కే దారి అయితే ఇంకా తగ్గిస్తాము. బరువు అడిగినప్పుడు దయచేసి నొచ్చుకోకండి, తగ్గించి చెప్పకండి. ఒక సాయంత్రం మనం దాచిన పది కిలోలు మరునాడు దాని వీపు మీద వాపుగా కనిపిస్తాయి. అది నోరు తెరిచి చెప్పలేదు కనుక జీను తీశాక వెన్నుకు ఇరువైపులా అరచేత్తో నొక్కి చూడడం మా రోజువారీ పని.

అపోహ: పరుగెత్తించకపోతే స్వారీ చేసినట్లే కాదు.

వాస్తవం: నడకలో గుర్రం గంటకు సుమారు ఆరు కిలోమీటర్లు పోతుంది, గంటన్నర స్వారీలో మజిలీ పోను ఏడు కిలోమీటర్ల దారి చూడవచ్చు. ఈ నేలను చూడడానికి ఆ వేగమే తగినది. "ఒక్కసారి ఉరికించన్నా" అని అడిగే యువకులకు నేను చెప్పేది మూడు సంగతులు. మన వైపు బాటలలో మట్టి మధ్య నల్లరాతి బండలు బయటపడి ఉంటాయి, ఇనుప లాడం ఆ నున్నటి బండ మీద జారుతుంది. గుర్రం మందతో బతికే జీవి, ఒకటి పరుగు తీస్తే మిగిలినవన్నీ వెంటపడతాయి, వాటిలో ఒకదాని మీద ఆ రోజే మొదటిసారి ఎక్కిన పెద్దావిడ ఉండవచ్చు. ఇంటి వైపు ముఖం తిరిగిన గుర్రం తనంతట తానే అడుగు పెంచుతుంది, ఆ వేళ దాన్ని అదిలిస్తే నిలపడం కష్టం. తిరుగు దారిలో అందరం నడకలోనే వస్తాము, ఎవరు అడిగినా సరే.

ఎత్తు ఎక్కేటప్పుడు నడుము నుంచి కొద్దిగా ముందుకు వంగాలి, దిగేటప్పుడు నిటారుగా కూర్చుని మడమలు కిందికి నొక్కాలి. చాలామంది దిగేటప్పుడు భయంతో ముందుకు ఒరుగుతారు. అది సరిగ్గా తప్పు దిక్కు.

అపోహ: మెల్లని నడకకు హెల్మెట్, బూట్లు అవసరం లేదు.

వాస్తవం: నడిచే గుర్రం మీద నుంచి పడినా తల నేలను తాకేది నిలువెత్తు కంటే పై నుంచే. మామిడితోటల్లో కొమ్మలు తక్కువ ఎత్తులో ఉంటాయి, మసకలో కనిపించవు. చెప్పులు వేసుకున్న పాదం రికాబులోకి పూర్తిగా జారిపోయి ఇరుక్కుంటే, పడిన మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. కొద్దిగా మడమ ఎత్తున్న బూటు దాన్ని ఆపుతుంది. చున్నీ, పైట, కెమెరా తాడు లోపలికి దోపుకోవాలి.

అపోహ: తెల్లగుర్రం సాధువు, నల్లగుర్రం దుడుకు.

వాస్తవం: రంగుకూ గుణానికీ సంబంధం లేదు. మనం తెల్లగుర్రాలని పిలిచేవాటిలో చాలా భాగం పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకలు తెల్లబడినవే. వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే చర్మం నల్లగానే ఉంటుంది. గుణం వయసును బట్టి, శిక్షణను బట్టి, దాన్ని చూసుకునే చేతిని బట్టి వస్తుంది.

అపోహ: డబ్బు ఎక్కువ ఇస్తే శేషాచలం అడవి లోపలికీ, కోట లోపలికీ తీసుకుపోతారు.

వాస్తవం: తీసుకుపోము. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనాన్ని 1989లో ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలు జీవావరణ పరిరక్షణ ప్రాంతమయ్యాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టడం నేరం, ఎర్రచందనం దొంగరవాణా వల్ల నిఘా కూడా ఎక్కువ. చిరుతలు చీకటి పడే వేళ తిరుగుతాయి; 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఒక చిన్నారి ప్రాణం పోయిన విషాదాన్ని ఈ జిల్లా ఇంకా మరువలేదు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది కనుక అందులోని రాజమహల్‌ను మీరు పగటిపూట నడిచి వెళ్లి చూడాలి. మా దారి పల్లె బాటలు, చెరువు కట్టలు, యజమానులు అనుమతించిన తోటల వరకే. నవంబరు వానల్లో వంకలు పొంగినప్పుడు అది కూడా మూసేస్తాము.

అపోహ: చెమట పట్టిన గుర్రానికి చల్లని నీళ్లు ఇస్తే కడుపునొప్పి వచ్చి చనిపోతుంది.

వాస్తవం: ఈ మాట మా వృత్తిలోని పెద్దల నోట కూడా వినిపిస్తుంది, దానివల్ల ఎన్నో గుర్రాలు దప్పికతో నిలబడ్డాయి. చెమటతో గుర్రం కోల్పోయే ఉప్పు మనిషి కోల్పోయేదానికంటే చాలా ఎక్కువ, దానితో పాటు నీరూ పోతుంది. స్వారీ ముగిశాక దానికి తాగాలని ఉన్నప్పుడు నీళ్లు ఇవ్వడం వల్ల హాని లేదు, ఇవ్వకపోవడమే హాని. వేసవిలో ఎండ చల్లబడ్డాకనే మేము జీను వేస్తాము. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య జంతువుల చేత బరువు మోయించకూడదని పైన చెప్పిన 1965 నియమాలలోనే ఉంది. మే నెలలో మేము 3 గంటలకు కూడా తొందరపడము. తిరిగి రాగానే జీను దించి, ఒంటి మీద నీళ్లు పోసి, అరచేతి అంచుతో తుడిచేసి, మళ్లీ పోస్తాము. విశ్రాంతిలో ఉన్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పది నిమిషాల తర్వాత అది 60కి దిగకపోతే మరునాడు దానికి సెలవు. ఆ పది నిమిషాలు మీరు కూడా నిలబడి చూడాలనుకుంటే ఉండవచ్చు. దవడ కింద నాడి ఎక్కడ దొరుకుతుందో వేలు పెట్టి చూపిస్తాను, బకెట్టు కూడా మీ చేతికే ఇస్తాను.