కరెంటోళ్లు, వాళ్ల యూనియన్లు: అపోహలు - వాస్తవాలు

పేపర్లో కరెంటు కార్మికుల వార్త కనిపించేది రెండే సందర్భాల్లో. ఎవరైనా స్తంభం మీద చనిపోయినప్పుడు, లేదంటే జేఏసీ సమ్మె నోటీసు ఇచ్చినప్పుడు. ఆ వార్తల మీద టీకొట్టు దగ్గర నడిచే చర్చలు వింటుంటే కొంత నవ్వొస్తుంది, కొంత ఒళ్లు మండుతుంది. లైన్‌మన్‌గా పనిచేస్తూ మా డివిజన్ బ్రాంచి కార్యదర్శి బాధ్యత కూడా చూస్తున్నాను కాబట్టి, తరచూ చెవిన పడే మాటలకు నా జవాబులు రాస్తున్నాను.

అపోహ: “లైన్‌మన్ చనిపోయాడంటే అజాగ్రత్తే. కరెంటు ఆపకుండా ఎక్కి ఉంటాడు.”

వాస్తవం: ఆపకుండా ఎక్కేవాళ్లు లేరనను. కానీ ఎల్సీ తీసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుని ఎక్కినవాళ్లూ చనిపోతున్నారు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చు అన్న అనుమతి. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైను) పేరు చెప్తాడు. షిఫ్ట్ ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఆపే బ్రేకర్ తీసి, రిజిస్టర్లో ఎక్కించి, నంబరు చెప్తాడు. “ఇచ్చారా అన్నా?” “ఇచ్చాం, నంబరు రాసుకో.” ఇక ఎక్కేయొచ్చని బయటివాళ్లు అనుకుంటారు. ఇంకా చాలా ఉంది. పని జరిగే వైపు ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తీసి తాళం వేయాలి. లైన్లో కరెంటు లేదని డిటెక్టర్‌తో చూసుకోవాలి. పనిచేసే చోటుకు రెండు వైపులా లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్లు తగిలించాలి.

ఏబీ స్విచ్‌కు మూడు ఫేజులకు మూడు బ్లేళ్లుంటాయి. ఏళ్ల తరబడి గ్రీజు ముఖం చూడని స్విచ్‌లో హ్యాండిల్ లాగితే రెండు విడిపోతాయి, మూడోది తుప్పుకి అంటుకుపోయి అలాగే ఉంటుంది. వానపడే రాత్రి కింద నుంచి టార్చి వేస్తే మూడూ తెరుచుకున్నట్టే కనిపిస్తాయి. ఈలోపు నాలుగూళ్ల నుంచి ఫోన్లు. ఒక్క స్తంభం పని కోసం ఫీడరంతా చీకట్లో ఉంచలేక, స్విచ్ తీశాం కదా అని ఎల్సీ రిటర్న్ చేసేస్తారు. బ్రేకర్ వేస్తారు. విడిపోని ఆ మూడో బ్లేడు గుండా 11 కేవీ (11 వేల వోల్టులు) నేరుగా పైనున్న మనిషి దగ్గరికి వస్తుంది.

జనరేటర్ సంగతి ఇంకో రకం. ఏ కల్యాణమండపంలోనో చేంజోవర్ స్విచ్ (వైరింగును కరెంటు లైను నుంచి తప్పించి జనరేటర్‌కు మార్చే స్విచ్) లేకుండా జనరేటర్ వేస్తే, ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కుతుంది. అవతలి వైపు వేల వోల్టులవుతుంది. సబ్‌స్టేషన్లో బ్రేకర్ తీసే ఉంది, ఎల్సీ నంబరు జేబులోనే ఉంది, అయినా మనిషి దక్కడు. ఎర్త్ రాడ్లు తగిలించమని మేం మొత్తుకునేది ఇందుకే. చేతికి గ్లౌజులున్నాయిగా అంటారు కొందరు. ఎల్టీ (ఇళ్లకిచ్చే తక్కువ వోల్టేజీ) పనికిచ్చే గ్లౌజు 11 కేవీ దగ్గర ఉన్నా లేనట్టే.

అందుకే ప్రమాదం జరిగిందని తెలియగానే బ్రాంచి నుంచి వెళ్లేవాళ్లు ముందు స్విచ్ ఫొటో తీస్తారు. ఎల్సీ రిజిస్టర్ పేజీ చూస్తారు. ఎర్త్ రాడ్లు సెక్షన్ ఆఫీసులో ఉన్నాయా, స్టోర్స్‌లోనే ఉన్నాయా అని అడుగుతారు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణకొచ్చినప్పుడు ఇవి ముందు పెట్టకపోతే రిపోర్టులో ‘మృతుడి నిర్లక్ష్యం’ అన్న ముక్క పడిపోతుంది.

ఈ బాధ మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. అమెరికాలో కరెంటు కార్మికుల యూనియన్ ఐబీఈడబ్ల్యూ 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ కూడా లైన్‌మనే. 1896లో వాషింగ్టన్‌లో పనిలో ఉండగా షాక్ తగిలి, పైనుంచి పడి చనిపోయాడు.

అపోహ: “కాంట్రాక్టు కుర్రాడు పోతే ఏమీ రాదు. పెద్దమనుషులు కూర్చుని ఇప్పించిందే దక్కుదల.”

వాస్తవం: ఇది నమ్మే చాలా ఇళ్లవాళ్లు దహనం కాకముందే తెల్లకాగితం మీద సంతకం పెట్టేస్తున్నారు. దయచేసి పెట్టకండి.

కార్మికుడికి ఈఎస్ఐ ఉంటే, పనిలో చనిపోయినప్పుడు కుటుంబానికి వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా వస్తుంది. భార్యకు కొంత, పిల్లలకు కొంత వాటా. ఈఎస్ఐ లేకపోతే పరిహారం చట్టం వర్తిస్తుంది. 1923 నాటి ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. లెక్క ఇలా ఉంటుంది: నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. 30 ఏళ్ల వాడికి ఆ అంకె 207.98. వేతనం ₹15,000 అనుకుంటే సగం ₹7,500, మొత్తం ₹15,59,850. పెద్దమనుషుల మాటల్లో సాధారణంగా ఈ అంకె వినపడదు. పీఎఫ్ ఉంటే దానికి జతగా ఉన్న బీమా కింద గరిష్ఠంగా ₹7 లక్షల వరకు వస్తుంది, వితంతు పింఛను వేరు.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మనిషి చనిపోయిన కేసులో ‘అతని నిర్లక్ష్యమే’ అని చెప్పి పరిహారం ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే పని చేయించుకున్న ప్రధాన యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల తిప్పలు.

ఎటొచ్చీ ఏ కాగితంలోనూ లేని మనిషితోనే చిక్కు. పల్లెల్లో లైన్‌మన్ వెంట తిరిగే ప్రైవేటు హెల్పర్ ఉంటాడు చూడండి, అతను. మస్టరులో పేరుండదు, పీఎఫ్ నంబరుండదు, స్తంభం మాత్రం అతనే ఎక్కుతాడు. ఒకరు చూసుకోవాల్సిన ఊళ్లకు మూడు రెట్లు ఊళ్లు అప్పగిస్తే ఇలాగే అవుతుందని మావాళ్లంటారు. నిజమే. కానీ జీతం తీసుకునేది ఒకరు, ప్రాణం మీదికి తెచ్చుకునేది ఇంకొకరు అయితే దాన్ని పని ఒత్తిడి అని సరిపెట్టుకోలేం. మా బ్రాంచి మీటింగుల్లో దీని మీద గొడవ కాకుండా ముగిసినవి తక్కువ.

అపోహ: “కరెంటు డిపార్ట్‌మెంటంటే లక్షల్లో జీతాలు.”

వాస్తవం: ఒకే స్తంభం దగ్గర నలుగురు నిలబడితే నాలుగు రకాల ఉద్యోగాలు కావచ్చు. పాత బోర్డు కాలం స్కేలున్న రెగ్యులర్ ఉద్యోగికి మంచి జీతమే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాల ద్వారా వచ్చిన ఎనర్జీ అసిస్టెంట్లు, అంటే గ్రేడ్-2 జూనియర్ లైన్‌మన్లు (జేఎల్ఎంలు), మొదట రెండేళ్లు ₹15,000కే పనిచేశారు. తెలంగాణలో 2017లో 23 వేలకు పైగా ఔట్‌సోర్సింగ్ వాళ్లను ఆర్టిజన్లుగా సంస్థల్లోకి తీసుకున్నారు. అయితే వాళ్లకు రెగ్యులర్ వాళ్ల నిబంధనలు కాకుండా వేరే స్టాండింగ్ ఆర్డర్లు పెట్టారు. ‘కన్వర్షన్’ అని ధర్నాల్లో వినపడేది ఆ తేడా గురించే. ఆంధ్రా వైపు కాంట్రాక్టు కార్మికులు సంస్థలోకి తీసుకునే ఆ మొదటి మెట్టు కోసమే ఇంకా అడుగుతున్నారు.

అపోహ: “యూనియనంటే సమ్మె. అనుకున్న రోజు కరెంటు ఆపేస్తారు.”

వాస్తవం: అంత సులువైతే ఈపాటికి మా డిమాండ్లన్నీ తీరిపోయి ఉండేవి. కనీసం 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రాజీ చర్చలు నడుస్తున్నంతసేపూ, ముగిశాక మరో వారం దాకా దిగకూడదు. ఇది పాత చట్టంలోనూ ఉంది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్త కోడ్‌లో ఇంకో మెలిక: సగం మంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అది కూడా సమ్మే. పైన ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ఉండనే ఉంది. అందుకే మా పోరాటాలు ఎక్కువగా నల్లబ్యాడ్జీలు, గేటు మీటింగులు, వర్క్ టు రూల్ (నిబంధనల్లో ఉన్నంత వరకే పని చేయడం) దగ్గరే నడుస్తాయి.

పెద్ద సమ్మె అంటే చాలామందికి గుర్తున్నది 2013 అక్టోబర్. సమైక్యాంధ్ర కోసం సీమాంధ్రలో విద్యుత్ ఉద్యోగులు 6వ తేదీ నుంచి సమ్మెలో ఉన్నారు. ఫైలిన్ తుఫాను ముంచుకొస్తుంటే 10న విరమించారు.

అపోహ: “1104, 327... ఇవేం యూనియన్లు, ఖైదీ నంబర్లలా?”

వాస్తవం: రిజిస్ట్రేషన్ నంబర్లు, అంతే. అసలు పేర్లు బారెడుంటాయి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. నంబరైతే గోడ మీద రాయడానికీ, నినాదానికీ సులువు.

అపోహ: “ఆడవాళ్లు స్తంభం ఎక్కలేరు.”

వాస్తవం: తెలంగాణలో హైకోర్టు దాకా వెళ్లి మరీ పరీక్షలో స్తంభమెక్కి చూపించి ఉద్యోగంలో చేరారు. సిద్దిపేట జిల్లా బబ్బూరి శిరీష పేరు పేపర్లలో చదివే ఉంటారు. ఇక ఇందులో వాదించడానికేమీ లేదు.

అపోహ: “తుఫానొస్తే కరెంటోళ్లు ఫోన్లు ఆపేసి పడుకుంటారు.”

వాస్తవం: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు గానీ, 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళాన్ని ముంచినప్పుడు గానీ, నేలకూలిన స్తంభాలు లేపడానికి వేరే జిల్లాల నుంచి గ్యాంగులు వెళ్లాయి. ఇలాంటప్పుడు బ్రాంచికి చేతినిండా పని. వచ్చినవాళ్లకు ఏ స్కూల్లో పడక, ఎక్కడ భోజనం, ఎవరికి షుగరు మాత్రలు కావాలి, అన్నీ చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి గ్యాంగుతో స్థానికుడొకరిని పంపాలి. పొరుగు జిల్లా మనిషికి ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు ఎక్కడ కలిసి నడుస్తాయో తెలియదు. ఒకదానికి ఎల్సీ తీసుకుని, పక్కదానికి చెయ్యి తగిలిస్తే అంతే.

అలాంటి రోజుల్లో లైన్‌మన్ ఫోన్ ఎత్తకపోతే పైన ఉన్నాడనుకోండి, కాసేపాగి చేయండి. జనరేటర్ ఉంటే చేంజోవర్ స్విచ్ ఉందో లేదో ఈ వారమే ఒకసారి చూయించుకోండి.