ఐబీ డిప్లొమా మొదలయ్యాక సబ్జెక్టు మార్చుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

ఏటా సెప్టెంబరు వచ్చేసరికి నా గది బయట బెంచీ మీద ఎవరో ఒక తల్లో తండ్రో టెన్షన్‌గా కూర్చుని కనిపిస్తారు. విశాఖలో ఐబీ డిప్లొమా (ఇంటర్ స్థాయిలో ఉండే రెండేళ్ల అంతర్జాతీయ కోర్సు) చదివే పిల్లలకు సబ్జెక్టుల ఎంపికలో సాయం చేయడం నా పని. క్లాసులు మొదలై మొదటి పరీక్షల పేపర్లు ఇంటికి చేరగానే ఈ రాకపోకలు పెరుగుతాయి. అందరూ ఇంటర్మీడియట్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. చిక్కు అక్కడే వస్తుంది.

అపోహ: సబ్జెక్టు మార్చడమంటే ఎంపీసీ వదిలి బైపీసీలో చేరినట్టే, అంతా మళ్లీ మొదటికొస్తుంది.

వాస్తవం: ఇక్కడ కట్టగట్టి ఇచ్చే గ్రూపు లేదు. ఆరు సబ్జెక్టులు విడివిడిగా ఎంచుకుంటారు. ఒకటి మారితే మిగతా ఐదూ మామూలుగా అలాగే ఉంటాయి. అయితే రెండు భాషలు, ఒక సామాజిక శాస్త్రం, ఒక సైన్స్, మ్యాథ్స్ ఉండి తీరాలి కాబట్టి, ఉన్న ఒక్క సైన్సూ తీసేసి బిజినెస్ పెట్టుకుంటానంటే కుదరదు. టైంటేబుల్‌లో రెండు క్లాసులూ ఒకే పీరియడ్‌లో పడినా కుదరదు. నేను చూసినంతలో ఎక్కువ మార్పులు ఆగిపోయింది ఈ టైంటేబుల్ దగ్గరే.

అపోహ: హయ్యర్ లెవెల్ నుంచి స్టాండర్డ్ లెవెల్‌కి దిగితే పాయింట్లు పోతాయి, పరువూ పోతుంది.

వాస్తవం: ప్రతి సబ్జెక్టునూ లోతుగా చదివే హయ్యర్ లెవెల్ (హెచ్‌ఎల్)లో గానీ, కాస్త తేలికైన స్టాండర్డ్ లెవెల్ (ఎస్‌ఎల్)లో గానీ తీసుకుంటారు. ఏ లెవెల్ అయినా ఒక సబ్జెక్టుకి గరిష్ఠం 7 పాయింట్లే. ఆరింటికి 42, ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంతంగా రాసే పరిశోధనా వ్యాసం), టీఓకే (థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు) కలిపి 3, మొత్తం 45. దిగినందుకు కోత ఏమీ లేదు. పైగా మొత్తం 24 పాయింట్లు వచ్చినా, మూడు హెచ్‌ఎల్‌లలో కలిపి 12 రాకపోతే డిప్లొమా రాదు. కాబట్టి మోయలేని హెచ్‌ఎల్‌ని పంతానికి పట్టుకుని వేలాడటం ప్రమాదం.

తల్లిదండ్రులు గమనించని సంగతి ఇంకోటి ఉంది. హెచ్‌ఎల్‌లు మూడుకి తగ్గకూడదు. ఉన్నవే మూడైతే, ఫిజిక్స్‌ని దింపినప్పుడు ఇంకో ఎస్‌ఎల్‌ని పైకి ఎత్తాలి. ఎస్‌ఎల్‌కి 150 గంటలు, హెచ్‌ఎల్‌కి 240 గంటల బోధన అని ఐబీ లెక్క. మొదటి రెండు నెలల్లో పైకి ఎక్కితే ఆ తేడా పెద్దగా తెలియదు. రెండో ఏడాదిలో ఎక్కాలంటే పిల్లలు నిద్ర మానుకోవాలి. దిగడం గురించి అడిగినవాళ్లందరినీ నేను ముందు అడిగేది, "మరి దేన్ని ఎక్కిస్తారు?" అని.

కిందటేడు సీతమ్మధార నుంచి ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. కెమిస్ట్రీ హెచ్‌ఎల్‌లో 2 వచ్చింది. "తీసేయండి మేడం, మా అమ్మాయి రాత్రంతా ఏడుస్తోంది" అన్నారు. జవాబు పత్రం తెప్పించి చూశాను. తప్పులన్నీ మోల్ లెక్కల్లోనే ఉన్నాయి, మిగతా భాగం శుభ్రంగా రాసింది. "నెల రోజులు ఆగుదామా అమ్మా?" అంటే తలూపింది. సార్ దగ్గర రోజూ అరగంట కూర్చుంది. ఇప్పుడు కెమిస్ట్రీ ఆ అమ్మాయికి ఇష్టమైన క్లాసు. అదే వారం వచ్చిన అబ్బాయిది వేరే సంగతి. వాడికి లా చదవాలని ఉంది. సబ్బవరం దగ్గరున్న లా యూనివర్సిటీకి క్లాట్ (లా ప్రవేశ పరీక్ష) ద్వారా వెళ్లాలంటే ప్లస్ టూలో ఫలానా సబ్జెక్టులే ఉండాలన్న నియమం లేదు. వాడి కెమిస్ట్రీ ఇంట్లోవాళ్ల కోరిక. వాడికి మార్పే సరైనది, మార్చాం.

అపోహ: బయాలజీ ఎప్పుడైనా కలుపుకోవచ్చు, నీట్ సంగతి తర్వాత చూద్దాం.

వాస్తవం: కేజీహెచ్ పక్కనున్న ఆంధ్ర మెడికల్ కాలేజీలో సీటు కావాలనుకునే పిల్లలు ఇది శ్రద్ధగా చదవాలి. నీట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. ఐబీ మామూలు డిప్లొమాలో మాత్రం ఆ మూడూ కలిపి తీసుకోవడం కుదరదు. మెడికల్ ప్రవేశ నిబంధన చూపించి స్కూలు ముందుగా ప్రత్యేక అనుమతి అడగాలి. ఇది చివర్లో హడావిడిగా అయ్యే పని కాదు. ప్లస్ టూ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా చదివినవాళ్లు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది. దారి ఉంది, కానీ దాని కోసం ఇంకొంత కాలం వెచ్చించాలి.

అపోహ: మార్చుకున్నట్టు సర్టిఫికెట్ మీద పడిపోతుంది.

వాస్తవం: పడదు. ఐబీ ఫలితాల్లో ఉండేది చివరికి పరీక్ష రాసిన సబ్జెక్టులే.

అపోహ: పరీక్షలు రెండేళ్లకు కదా, అప్పటిదాకా టైం ఉంది.

వాస్తవం: మే పరీక్షలకు పేర్ల నమోదు అంతకు ముందు నవంబర్ 15కి జరగాలి. ఆ తర్వాత మార్పులకు అదనపు ఫీజు కట్టాలి. స్కూళ్లు పెట్టుకునే గడువు అంతకంటే చాలా ముందే ముగుస్తుంది. అప్పటికి ఇంటర్నల్ అసెస్‌మెంట్ (స్కూల్లోనే చేసి మార్కులు పొందే ప్రాజెక్టు) పనీ మొదలై ఉంటుంది, కొత్త సబ్జెక్టులో దాన్ని మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లను రెండు కాగితాలు తెమ్మంటాను. ఒకటి, చేరాలనుకుంటున్న డిగ్రీకి ఏ సబ్జెక్టు ఏ లెవెల్‌లో అడుగుతున్నారో ఆ యూనివర్సిటీ పేజీ ప్రింటు. రెండోది, చివరి పరీక్ష జవాబు పత్రం. మార్కుల చీటీ కాదు, పిల్లలు తమ చేత్తో రాసిన పత్రమే కావాలి.