గింజ మెత్తబడేదాకా పులుపు వద్దు

చిరంజీవులైన పిల్లలకు,

విశాఖపట్నం నుంచి తాతయ్య ఆశీస్సులు. దసరా సెలవుల్లో ఇక్కడ మీరు గిన్నెలకు గిన్నెలు తాగిన రాజ్మా సూప్ ఎలా చేయాలో చెప్పమన్నారు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

ఆ సూప్ నేను 2014లో నేర్చుకున్నాను. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. మీరింకా పుట్టలేదు. చెట్లు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, కూరగాయలు దొరకలేదు. గాలి తగ్గిన రాత్రి మీ నానమ్మ కొవ్వొత్తి వెలుగులో రాజ్మా నానబెట్టింది. ఎదురింటివాళ్లకు కూడా సరిపోవాలని మర్నాడు పెద్ద గిన్నె పెట్టి రాజ్మా, నాలుగు క్యారెట్లు, సగం ఆనపకాయ, టమాటాలు అన్నీ ఒకేసారి వేసేశాను. రెండు గంటలు మరిగినా గింజ పలుకుగానే ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే సిలిండరు. అయిపోతుందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! నానమ్మ ఒక గింజ నలిపి చూసి, "టమాటాలు ముందే వేసేశారా?" అని అడిగింది.

ఎందుకలా అడిగిందో వినండి. గింజలో కణాలను అంటిపెట్టి ఉంచే జిగురు ఒకటుంది, దాని పేరు పెక్టిన్. వేడి నీళ్లలో అది మెల్లగా కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ జిగురు తొందరగా కరగదు. టమాటా అయినా, చింతపండు అయినా అంతే. కందిపప్పు ఉడికాకే పులుసులో చింతపండు పోసేది కూడా అందుకే.

రాజ్మా విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సగం ఉడికినవి కొన్ని తిన్నా వాంతులు, విరేచనాలు అవుతాయి. సన్నని సెగ మీద వెచ్చగా ఉంచితే అది పోదు, నీళ్లు తెర్లి మరగాలి. అందుకే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో పెట్టండి. కుక్కర్ లోపల వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. ఆరు కూతలు వచ్చాక సెగ తగ్గించి పది నిమిషాలు ఉంచండి. ఆవిరి పూర్తిగా పోయాక అమ్మ చేత మూత తీయించి, ఒక గింజ వేళ్లతో నొక్కండి. వెన్నలా నలగాలి. పలుకు తగిలితే మళ్లీ పెట్టాల్సిందే, ఇందులో రాజీ లేదు.

నలుగురికి ఒక గ్లాసు రాజ్మా చాలు. నేను చింతపల్లి, అరకు వైపు ఏజెన్సీ రైతులు పండించినవే కొంటాను, వాటి రుచి నాకు ఇష్టం. కూరగాయలు ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఆ రోజు ఏవి లేతగా ఉంటే అవి.

వేరే గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు మగ్గనివ్వండి. క్యారెట్, బీన్స్, తర్వాత ఆనపకాయ ముక్కలు వేసి ఉప్పు చల్లండి. ముక్క సగం ఉడికాక రాజ్మాను ఉడికిన నీళ్లతో సహా పోయండి. అప్పుడు వేయండి టమాటాలు! పావుగంట మరిగాక పప్పుగుత్తితో నాలుగైదు సార్లు మెదిపితే చాలు, చిక్కబడుతుంది. తుఫాను రోజుల్లో మిక్సీ నడవక అలా చేశాం. ఇప్పుడు కరెంటు ఉన్నా అలాగే చేస్తున్నాను, ఎందుకంటే మిక్సీలో అంతా ముద్దయిపోతుంది, పంటికి ఏమీ తగలదు. ఇంకా చిక్కగా కావాలంటే చెంచాడు చోడిపిండి చల్లటి నీళ్లలో కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా తిప్పండి.

చివర్లో గుప్పెడు మునగాకు, మిరియాల పొడి. పొయ్యి ఆపాక నిమ్మరసం పిండండి. అది రుచికే అనుకోకండి. గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుము మన ఒంటికి సరిగ్గా పట్టాలంటే నిమ్మకాయలోని విటమిన్ సి సాయం చేస్తుంది. మరిగేటప్పుడు పిండితే ఆ విటమిన్ కొంత వేడికి పోతుంది.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి గట్టిపడుతుంది, కాసిని వేడినీళ్లు పోసి బాగా మరిగించండి.

మీ నాన్నతో అరకిలో రాజ్మా పంపుతున్నాను. శనివారం రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు నానబెట్టండి.

మీ
తాతయ్య