వెల్డింగ్‌లో పీజీ అంటే రాడ్ పట్టుకోవడమేనా? కొన్ని అపోహలు – వాస్తవాలు

వెల్డింగ్ ఇంజినీరింగ్‌లో పీజీ చేశానంటే చాలామంది ముందు నా చేతుల వంక చూస్తారు, కాలిన మచ్చలేమైనా ఉన్నాయా అని. సరదాకే అనుకోండి. కానీ ఈ కోర్సులో చేరాలనుకునే పిల్లలు కూడా అదే సందేహాన్ని ఇంకో రకంగా అడుగుతుంటారు.

అపోహ: వెల్డింగ్ చేయడం బాగా వచ్చినవాళ్లకే ఈ చదువు.

చేతి పని వేరే విద్య. ఏళ్ల తరబడి పైపులు అతికిన వెల్డర్ పక్కన నేనెందుకూ పనికిరాను. నా బీడ్ (కరిగిన లోహం గడ్డకట్టి ఏర్పడే వెల్డ్ గీత) ఇప్పటికీ వంకరే. ల్యాబ్‌లో రాడ్ పట్టిస్తారు, పట్టాలి కూడా. ఆర్క్ (రాడ్ కొనకూ లోహానికీ మధ్య వెలిగే కరెంటు మెరుపు) పొడవు కాస్త పెరిగితే వోల్టేజ్ పెరుగుతుందని పుస్తకంలో చదవడం వేరు, చేత్తో తెలుసుకోవడం వేరు. అయితే మన అసలు పని వెల్డర్ చేతికిచ్చే కాగితం, అదే డబ్ల్యూపీఎస్ (వెల్డింగ్ ప్రొసీజర్ స్పెసిఫికేషన్). ప్రీహీట్ (వెల్డ్‌కు ముందు లోహాన్ని వేడిచేయడం) ఎంత, ఏ రాడ్, ఎన్ని ఆంపియర్లు, ఎంత వేగం: అందులోని ప్రతి అంకె ఎందుకలా ఉందో చెప్పగలగాలి.

అపోహ: బీడ్ అందంగా ఉంటే జాయింట్ బాగున్నట్టే.

నేనూ ఇదే నమ్మాను, మొదటి సెమిస్టర్‌లో ఒక సాంపిల్ కోసేదాకా. పైకి చేపపొలుసుల్లా చక్కగా ఉంది. అడ్డంగా కోసి, ఎమెరీ పేపర్ల మీద 220 నంబరు గరుకు నుంచి 1200 నంబరు నునుపు దాకా వరసగా రుద్ది, అద్దంలా పాలిష్ చేసి నైటాల్ రాశాం. నైటాల్ అంటే ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రావణం. కొన్ని సెకన్లలోనే వెల్డ్ అంచు వెంబడి ముదురు బూడిదరంగు పట్టీ ఒకటి తేలింది. అదే హాజ్, అంటే హీట్ ఎఫెక్టెడ్ జోన్. అక్కడి లోహం కరగలేదు, కానీ వేడికి లోపల మారిపోయింది. ప్లేట్ గట్టిదనం వికర్స్ కొలతలో 170 ఉంటే ఆ పట్టీలో 390 వచ్చింది. గట్టిపడింది కదా, మంచిదేగా అన్నాను. సార్ నవ్వి ఊరుకున్నారు.

ఎందుకు గట్టిపడుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. రెండు ప్లేట్లలోనూ కార్బన్ 0.18 శాతమే అనుకుందాం. ఒకదానిలో మాంగనీస్ 0.6, రెండోదానిలో 1.5. మాంగనీస్‌ను ఆరుతో భాగించి కార్బన్‌కు కలిపితే మొదటిదానికి 0.28, రెండోదానికి 0.43. దీన్నే కార్బన్ ఈక్వివలెంట్ అంటారు (క్రోమియం, నికెల్ లాంటివి ఉంటే వాటికి వేరే భాగహారాలున్నాయి). 0.4 దాటితే జాగ్రత్త మొదలవ్వాలి. వెల్డ్ చేసిన వెంటనే చుట్టూ ఉన్న చల్లని ప్లేట్ వేడిని లాగేసుకుంటుంది. అంత త్వరగా చల్లారితే మార్టెన్‌సైట్ ఏర్పడుతుంది. అది గట్టిదే, కానీ పెళుసు.

దీనికి హైడ్రోజన్ తోడైతే అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఒక ప్రాజెక్టులో లో-హైడ్రోజన్ రాడ్ల ప్యాకెట్ విప్పి రాత్రంతా బయటే వదిలేశాం. పొద్దున వాటితోనే వెల్డ్ చేశాం. సాయంత్రం చూస్తే ఒక్క గీత కూడా లేదు. మూడో రోజు అదే జాయింట్‌లో హాజ్ పక్కన సన్నటి పగులు. పూతకు పట్టిన తేమ ఆర్క్‌లో విడిపోయి, దానిలోని హైడ్రోజన్ లోహంలోకి దూరి, తీరిగ్గా పని కానిచ్చింది. ఇలాంటి స్టీల్‌కు పరీక్ష 48 గంటలాగి చేయమనేది ఇందుకే. రాడ్లను ఓవెన్‌లో ఉంచమని పోరేది చాదస్తంతో కాదు.

అపోహ: లోడ్ మోసే పెద్ద జాయింట్లు చూసుకుంటే చాలు.

1980 మార్చి 27న నార్త్ సీలో చమురు కార్మికులు బసచేసే అలెగ్జాండర్ కీలాండ్ ప్లాట్‌ఫామ్ తిరగబడి 123 మంది చనిపోయారు. పగులు మొదలైంది హైడ్రోఫోన్ (నీటి కింది శబ్దాలు పట్టే పరికరం) అమర్చడానికి ఒక బ్రేస్‌కు, అంటే ఆధారంగా ఉండే గొట్టానికి, వేసిన 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డ్ (మూలలో వేసే చిన్న అతుకు) దగ్గర. విరిగిన ముఖం మీద పెయింట్ కనిపించింది. అంటే ప్లాట్‌ఫామ్ సముద్రంలోకి వెళ్లకముందే పగులుందన్నమాట. ఫ్రాక్చర్ (విరగడం), ఫెటీగ్ (పదేపదే పడే లోడ్‌కు లోహం అలసిపోవడం) క్లాసుల్లో ఆవలింత వచ్చినప్పుడు నాకు ఆ పెయింటే గుర్తొచ్చేది.

అపోహ: రోబోలు వచ్చాక ఈ చదువుకు పనేముంది?

రోబో చేతికీ ఆ అంకెలు ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. తప్పు అంకె ఇస్తే అది విసుగు లేకుండా వెయ్యిసార్లు అదే తప్పు చేస్తుంది. 25 వోల్టులు, 200 ఆంపియర్లు, సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగం అంటే ఆర్క్ ఇచ్చే శక్తి మిల్లీమీటరుకు 1 కిలోజౌల్. ఉత్పత్తి పెంచాలని వేగం రెట్టింపు చేస్తే అది సగమవుతుంది, చల్లారడం వేగమవుతుంది, పైన చెప్పిన మార్టెన్‌సైట్ మళ్లీ గుమ్మంలో నిలబడుతుంది.

అపోహ: ఇది మెకానికల్ వాళ్లదే. కాదు. మెటలర్జీ వాళ్లకు సగం సిలబస్ తెలిసినట్టే ఉంటుంది, పవర్ సోర్స్ పాఠాల్లో ఎలక్ట్రికల్ వాళ్లదే పైచేయి.

అపోహ: పీజీ పట్టా వస్తే ఐడబ్ల్యూఈ వచ్చినట్టే.

రెండూ వేరు. ఇంటర్నేషనల్ వెల్డింగ్ ఇంజినీర్ అర్హతకు సిలబస్, పరీక్ష విడిగా ఉంటాయి. కోర్సు దానికి అనుసంధానమై ఉందో లేదో చేరేముందే అడగండి. పనిలో పనిగా ఇంకొకటి కూడా అడగండి: ల్యాబ్‌లో సాంపిల్ కోసి పాలిష్ చేసేది విద్యార్థులా, లేక టెక్నీషియన్ చేసిపెడితే వీళ్లు ఫొటో తీసుకుంటారా?