క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టని బౌలర్

టెస్టు మ్యాచ్‌లో ఒక ఓవర్‌లో రెండు బౌన్సర్లు దాటితే అంపైర్ నో బాల్ ఇస్తాడు. లెగ్ సైడ్‌లో (బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు) స్క్వేర్ వెనక, అంటే బ్యాట్స్‌మన్‌కి వెనక భాగంలో, వికెట్ కీపర్ కాకుండా ఇద్దరికి మించి ఫీల్డర్లు నిలబడినా నో బాలే. ఇవాళ మ్యాచ్ చూసేవాళ్లకు ఇవి మామూలు నిబంధనలు. ఇవి ఎందుకు వచ్చాయని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే 1932-33 ఆస్ట్రేలియా వేసవి దగ్గర ఆగుతాం. అక్కడ ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ హెరాల్డ్ లార్‌వుడ్ కనిపిస్తాడు.

ఇంగ్లండ్‌లోని నాటింగమ్‌షైర్‌లో నన్‌కార్‌గేట్ అనే బొగ్గు గనుల ఊళ్లో 1904 నవంబరు 14న పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. పద్నాలుగేళ్లకే లార్‌వుడ్ కూడా గనిలోకి దిగాడు. చీకట్లో బొగ్గు తొట్లు లాగే పొట్టి గుర్రాలను తోలడం అతని పని. మనిషి పెద్ద పొడుగేమీ కాదు, ఐదడుగుల ఏడెనిమిది అంగుళాలు. కానీ గని పనికి గట్టిపడిన నడుము, భుజాలు. పరుగెత్తుకొచ్చేటప్పుడు అడుగుల చప్పుడే వినపడేది కాదని చూసినవాళ్లు చెప్పేవారు. 1924లో నాటింగమ్‌షైర్ జట్టుకు, 1926లో ఇంగ్లండ్‌కు ఆడాడు. కౌంటీ మ్యాచ్‌లు కలుపుకుని ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 17.51 సగటుతో 1,427 వికెట్లు తీశాడు. బాడీలైన్ (బ్యాట్స్‌మన్ ఒంటి మీదికి బంతి వేసే పద్ధతి) అన్న ఒక్క మాట కింద ఈ లెక్క ఎప్పుడూ కనపడకుండా పోతుంది. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ మాట పుట్టడానికి కారణం ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డొనాల్డ్ బ్రాడ్‌మన్. 1930లో ఇంగ్లండ్ వచ్చి ఐదు టెస్టుల్లో 974 పరుగులు కొట్టాడు, సగటు 139.14. ఇతన్ని ఆపకపోతే యాషెస్ (ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టు సిరీస్) గెలవడం కుదరదని ఇంగ్లండ్ క్రికెట్ పెద్దలకు అర్థమైంది. 1932 ఆగస్టులో లండన్‌లోని ఒక హోటల్లో ఇంగ్లండ్ కెప్టెన్ డగ్లస్ జార్డిన్, లార్‌వుడ్‌ని, అతని జంట బౌలర్ బిల్ వోస్‌ని భోజనానికి పిలిపించాడు. నాటింగమ్‌షైర్ కెప్టెన్ ఆర్థర్ కార్ కూడా ఉన్నాడు. లెగ్ స్టంప్ మీదికి, బ్యాట్స్‌మన్ ఒంటి మీదికి బంతి ఎగిసేలా వేయాలి, లెగ్ సైడ్‌లో దగ్గరగా ఐదారుగురిని గుమికూర్చాలి. బ్యాట్ అడ్డం పెడితే క్యాచ్, పెట్టకపోతే దెబ్బ. ఇదీ బాడీలైన్ పథకం. హెల్మెట్ అన్నదే లేని రోజులవి.

ఈ జార్డిన్ మనకు తెలియని మనిషి కాదు. 1900లో బొంబాయిలో పుట్టాడు. ఆస్ట్రేలియా బయల్దేరే కొన్ని నెలల ముందే, 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారత్ తన మొట్టమొదటి టెస్టు ఆడింది జార్డిన్ జట్టుతోనే. మన కెప్టెన్ నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. ఆ మ్యాచ్‌లో లార్‌వుడ్ లేడు.

బాడీలైన్ సిరీస్ తొలి టెస్టులో, సిడ్నీలో, బ్రాడ్‌మన్ ఆడలేదు. లార్‌వుడ్ రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ ఐదేసి వికెట్లు తీశాడు. గొడవ ముదిరింది మూడో టెస్టులో. 1933 జనవరి 14, శనివారం, అడిలైడ్ మైదానం యాభై వేల మందికి పైగా జనంతో కిక్కిరిసి ఉంది. లార్‌వుడ్ బంతి ఆస్ట్రేలియా కెప్టెన్ బిల్ వుడ్‌ఫుల్‌కి గుండె పైన తగిలింది. బ్యాట్ వదిలేసి ఛాతీ పట్టుకుని ఒంగిపోయాడు. ఆ బంతి వేసినప్పుడు ఫీల్డింగ్ మామూలుగానే ఉంది. లార్‌వుడ్ తర్వాతి ఓవర్ మొదలు కాగానే జార్డిన్ ఫీల్డర్లను లెగ్ సైడ్‌కి మార్చాడు. జనాన్ని మండించింది ఆ మార్పు. సోమవారం నాడు వికెట్ కీపర్ బెర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ హుక్ చేయబోతే లార్‌వుడ్ బంతి తలకు తగిలి పుర్రె చిట్లింది. అప్పుడు ఉన్నది బాడీలైన్ ఫీల్డింగ్ కాదు. తప్పు తనదేనని ఓల్డ్‌ఫీల్డే చెప్పాడు. అయినా అడిలైడ్ పేరెత్తితే జనం లార్‌వుడ్ పేరే చెబుతారు.

జనవరి 18న ఆస్ట్రేలియా బోర్డు ఇంగ్లండ్ క్రికెట్‌ను నడిపే లండన్‌లోని ఎంసీసీ క్లబ్‌కి తంతి పంపింది. ఈ బౌలింగ్ క్రీడాస్ఫూర్తికి విరుద్ధం, దీన్ని ఆపకపోతే రెండు దేశాల స్నేహం దెబ్బతింటుంది అని. తమవాళ్లని అంత మాట అన్నందుకు ఎంసీసీ మండిపడి, కావాలంటే మిగతా పర్యటన రద్దు చేసుకోండి అంది. చివరికి ఆస్ట్రేలియా బోర్డు ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇంగ్లండ్ సిరీస్‌ను 4-1తో గెలిచింది. లార్‌వుడ్‌కి 19.51 సగటుతో 33 వికెట్లు. బ్రాడ్‌మన్ సగటు 56.57కి పడిపోయింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ జట్టులోనే గబ్బీ ఆలెన్ బాడీలైన్ వేయనని కెప్టెన్ ముఖం మీదే చెప్పాడు, సిరీస్ మొత్తం ఆడాడు. ఎందుకంటే అతను అమెచ్యూర్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దింటి మనిషి. లార్‌వుడ్ ప్రొఫెషనల్, జీతానికి ఆడేవాడు. ఇంగ్లండ్‌లో ఈ రెండు వర్గాలకు డ్రెస్సింగ్ రూములే వేరు. ఆ తేడా 1962 దాకా పోలేదు. కాదంటే గనికి తిరిగి వెళ్లాల్సిన మనిషి కెప్టెన్‌కి ఎదురు చెప్పగలడా? నాకైతే ఈ కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చివరి టెస్టులో లార్‌వుడ్‌ని నైట్ వాచ్‌మన్‌గా (రోజు చివర్లో అసలు బ్యాట్స్‌మన్‌ బదులు దిగేవాడిగా) పంపితే 98 కొట్టాడు. సిడ్నీ జనం లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత బౌలింగ్‌లో ఎడమ పాదం ఎముక విరిగింది. బ్రాడ్‌మన్ అవుటయ్యేదాకా మైదానం వదలొద్దని జార్డిన్ ఆపాడు. బ్రాడ్‌మన్ అవుటయ్యాక ఇద్దరూ మాటా పలుకూ లేకుండా కలిసి పెవిలియన్‌కి నడిచారు. టెస్టు క్రికెట్‌లో లార్‌వుడ్ చివరి నడక అదే. మొత్తం 21 టెస్టులు, 78 వికెట్లు.

1933 వేసవిలో వెస్టిండీస్ బౌలర్లు కాన్‌స్టంటైన్, మార్టిన్‌డేల్ మాంచెస్టర్‌లో అదే పద్ధతిలో బౌలింగ్ వేసేసరికి ఇంగ్లండ్ పెద్దలకు తత్వం బోధపడింది. 1934లో ఆస్ట్రేలియా జట్టు వచ్చే ముందు, నాటింగమ్‌షైర్ క్లబ్‌కు అండగా ఉండే సర్ జూలియన్ కాన్, లార్‌వుడ్‌ని పిలిచి ఎంసీసీకి క్షమాపణ రాసివ్వమన్నాడు. కెప్టెన్ చెప్పినట్టు బౌలింగ్ వేశాను, నేనెందుకు క్షమాపణ చెప్పాలి అని లార్‌వుడ్ సంతకం పెట్టలేదు. మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడలేదు. జార్డిన్ మాత్రం 1933-34లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా భారత్‌కు వచ్చి వెళ్లాక, ఆస్ట్రేలియాతో ఆడనని తానే ప్రకటించి తప్పుకున్నాడు.

నిబంధనలు మెల్లగా వచ్చాయి. బ్యాట్స్‌మన్ మీదికే గురిపెట్టే బౌలింగ్‌ను 1935లో నిషేధించారు. లెగ్ సైడ్ వెనక ఇద్దరే ఉండాలన్నది 1957లో వచ్చింది. దానికి కారణం బాడీలైన్ ఒక్కటే కాదు, లెగ్ సైడ్‌కి వేసి పరుగులు బిగించే పద్ధతి కూడా. బౌన్సర్ల లెక్క 1991లో మొదలైంది. ముందు ఒక బ్యాట్స్‌మన్‌కి ఓవర్‌కి ఒకటి, 1994 నుంచి ఓవర్‌కి రెండు.

లార్‌వుడ్ 1938లో ఆట మానేశాడు. కూరగాయలు పండించాడు. యుద్ధం తర్వాత బ్లాక్‌పూల్‌లో చిన్న మిఠాయి కొట్టు పెట్టుకున్నాడు. ఒకప్పుడు అతని బంతులకు దెబ్బలు తిన్న ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ జాక్ ఫింగిల్టన్ ఆ కొట్టుకి వచ్చి, ఆస్ట్రేలియా వచ్చేయమన్నాడు. 1950లో భార్య లోయిస్‌తో, ఐదుగురు కూతుళ్లతో ఓడ ఎక్కాడు. ఓడ పేరు ఒరాంటెస్, బాడీలైన్ జట్టును తీసుకెళ్లిన ఓడే. సిడ్నీలో మొదటి రోజుల హోటల్ ఖర్చులో సగం పేరు బయటపెట్టకుండా కట్టింది ఆస్ట్రేలియా మాజీ ప్రధాని బెన్ చిఫ్లీ. కూల్‌డ్రింక్ కంపెనీలో పని దొరికింది. ఒకప్పుడు ఎదురు నిలిచిన ఆటగాళ్లే స్నేహితులై ఇంటికి వచ్చిపోయేవారు.

ఆ ఇంట్లో జార్డిన్ ఇచ్చిన ఒక యాష్‌ట్రే ఉండేది. యాషెస్ గెలిపించినందుకు హెరాల్డ్‌కి, కృతజ్ఞతతో కెప్టెన్ నుంచి అని దాని మీద చెక్కించి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం గుర్తింపు మాత్రం 1993లో వచ్చింది. ఎంబీఈ అనే బ్రిటిష్ పురస్కారం ఇచ్చేనాటికి లార్‌వుడ్‌కి 88 ఏళ్లు. 1995 జులై 22న సిడ్నీలో కన్నుమూశాడు.